నాలుగో ఏడాది కూడా తోడుండండి

మీరు అడిగింది ఇదీ. చిన్ననాటి స్నేహితుడి ఒక్కగానొక్క కొడుకు నిరుడు బండి మీద ఇంటికి వస్తూ ప్రమాదంలో పోయాడు. ఆ తల్లిదండ్రులు పిల్లవాడి పేరు మీద ట్రస్టు పెట్టారు. వచ్చే నెల సంవత్సరీకం. బడిలో కలిసి చదువుకున్న 14 మంది మీరు తలా రూ.10,000 వేసుకుని రూ.1,40,000 పోగుచేశారు. మీలో ఇద్దరు అమెరికాలో ఉన్నారు. ఆ రోజే చెక్కు చేతిలో పెట్టేయాలా, ఇంకేదైనా మార్గం ఉందా, లెక్కలు అడిగితే ఆ తల్లిదండ్రుల మనసు నొచ్చుకుంటుందా అన్నది మీ సందేహం.

నేను హైదరాబాద్ చిక్కడపల్లిలో ఒక ఆడిటర్ గారి దగ్గర 22 ఏళ్లుగా ట్రస్టుల లెక్కలు చూస్తున్నాను. నా చేతి మీదుగా వెళ్లే ఫైళ్లలో సగానికి పైగా పోయినవాళ్ల పేరు మీద పెట్టినవే. అందులో ఒకటి మాదే, మా తమ్ముడి పేరు మీద. అందుకని ఈ జవాబులో కొంత ఆఫీసు అనుభవం, కొంత అక్కగా నాకు తెలిసింది కలిసిపోయి ఉంటాయి.

ముందు సూటిగా చెప్తాను. ఇవ్వండి. కానీ మొత్తం ఆ ఒక్కరోజే ఇచ్చేయకండి. ఏడాదికి రూ.35,000 చొప్పున నాలుగేళ్లు ఇస్తామని ఒక తెల్లకాగితం మీద రాసి, అందరూ సంతకాలు పెట్టి, మొదటి విడతతో పాటు ఆ కాగితం కూడా ఇవ్వండి. నన్నడిగితే ఆ కాగితం విలువే ఎక్కువ.

మా తమ్ముడి మొదటి వర్ధంతికి 180 మంది వచ్చారు. వీధి చివరిదాకా బళ్లు ఆగాయి. విరాళాలు వద్దన్నా ఇచ్చారు. రెండో ఏడు బాగానే జరిగింది. మూడో ఏడు టెంట్‌హౌస్ నుంచి 60 కుర్చీలు తెప్పిస్తే 19 మంది వచ్చారు. సభ అయ్యాక టెంట్‌హౌస్ కుర్రాడు ఖాళీ కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దూర్చి పేరుస్తుంటే, ఆ ప్లాస్టిక్ చప్పుడు లోపలి గదిలో ఉన్న అమ్మకి ఒక్కొక్కటీ వినిపించింది. రానివాళ్లని నేను తప్పుపట్టను. ఎవరి సంసారాలు వాళ్లకున్నాయి, ఎవరి పిల్లల ఫీజులు వాళ్లు కట్టుకోవాలి. కానీ అప్పటికే మేం ఆరుగురు పిల్లలకి పాలిటెక్నిక్ అయ్యేదాకా చదివిస్తామని మాటిచ్చేశాం. డిప్లొమా మూడేళ్లు. మొదటి ఏడాది వచ్చిన డబ్బు చూసి మాటిచ్చాం, ఆ డబ్బు ఏటా వస్తుందనుకున్నాం. ఆ ఏడు నాన్న తన ఫిక్స్‌డ్ డిపాజిట్ బ్రేక్ చేసి ఫీజులు కట్టారు. ఆ సంగతి అమ్మకి రెండేళ్ల తర్వాత గానీ తెలీలేదు.

ఇది మా ఒక్కరి కథ కాదు. నేను చూసిన ఇలాంటి ట్రస్టులు మూతపడితే ఎక్కువగా మూడు, నాలుగు ఏళ్ల మధ్యనే మూతపడ్డాయి. మోసం వల్లనో, తగాదాల వల్లనో కాదు. దుఃఖం ఇంకా అలాగే ఉంటుంది, చుట్టూ జనం మాత్రం పలచబడతారు, ఇచ్చిన మాటలు మెడ మీద ఉంటాయి. ఏటా ఖాయంగా ఇంత వస్తుందని ముందే తెలిస్తే ఎంతమంది పిల్లలకి మాటివ్వచ్చో వాళ్లకి తెలుస్తుంది. మీ కాగితం పనికొచ్చేది అక్కడే.

రెండో మాట. ఫలానా వస్తువు కొనిస్తాం అని షరతు పెట్టకండి. 2021లో కోవిడ్ రెండో దెబ్బ తర్వాత మన ఊళ్లో తల్లినో తండ్రినో పోగొట్టుకున్న ఎన్నో కుటుంబాలు వాళ్ల పేరు మీద ఆక్సిజన్ కాన్‌సంట్రేటర్లు ఉచితంగా ఇచ్చే సేవ మొదలుపెట్టాయి. గొప్ప పని. దాతలు కూడా మిషన్లు కొనివ్వడానికి క్యూ కట్టారు, ఎందుకంటే మిషన్ మీద పేరు రాయించుకోవచ్చు. మా ఫైళ్లలోని ఒక ట్రస్టుకి అలా పదకొండు మిషన్లు వచ్చాయి. ఏడాదిన్నర తర్వాత స్టాకు లెక్క కోసం నేను వెళ్లాను. విద్యానగర్‌లో మెట్ల కింద చిన్న గది. దుప్పటి కప్పి వరసగా పెట్టారు. ఒక్కోదాని మీద ఇత్తడి రేకు, దాని మీద దాత పేరు, ఎవరి జ్ఞాపకార్థమో ఆ పేరు. ఆన్ చేస్తే నాలుగింటిలో హెచ్చరిక దీపం వెలిగింది, ఆక్సిజన్ శాతం అందడం లేదని. ఆ మిషన్ లోపల గాలిలోంచి నైట్రోజన్‌ని పట్టి ఆపే జియోలైట్ గుళికలుంటాయి. నెలల తరబడి నడపకుండా తేమలో వదిలేస్తే అవి పాడవుతాయి. అప్పుడప్పుడూ కాసేపు నడపాలి, ఫిల్టర్లు కడగాలి, సర్వీసింగ్ చేయించాలి. దానికి ఒక మనిషి కావాలి, ఆ మనిషికి జీతం కావాలి. మిషన్ కొనడానికి పదకొండు మంది ముందుకొచ్చారు, ఆ జీతానికి ఒక్కరూ రాలేదు. గదికి అద్దె, మనిషికి జీతం, ఆడిట్ ఫీజు, కరెంటు బిల్లు. ఈ నాలుగింటికీ ఎవరూ పేరు రాయించుకోరు. మీ రూ.35,000 దేనికైనా వాడుకోండి, ఆఫీసు ఖర్చులకైనా సరే అని ఆ కాగితం మీదే రాసేయండి. ఆ అమ్మా నాన్నా నోరు తెరిచి అడగలేని డబ్బు అది.

ఇక లెక్కల సంగతి. ఈ ప్రశ్న అడగడానికి అందరూ జంకుతారు. పిల్లవాణ్ణి పోగొట్టుకున్నవాళ్లని కాగితాలు అడగడమేమిటి అనుకుంటారు. నా అనుభవం వేరే.

పద్మారావునగర్ నుంచి ఒకామె ఏటా మార్చి ఆఖరి వారంలో మా ఆఫీసుకి వచ్చేవారు. కూతురి పేరు మీద ట్రస్టు. రసీదు పుస్తకాలన్నీ కరాచీ బిస్కెట్ల రేకు డబ్బాలో పెట్టుకుని, డబ్బాకి చీర అంచు గుడ్డ కట్టి తెచ్చేవారు. మొదటిసారి నేను కౌంటర్‌ఫాయిళ్లు తిరగేస్తుంటే ఒక్కో దాత పేరు పక్కన పెన్సిల్‌తో సన్నటి అక్షరాలు కనిపించాయి. ‘ఆరో తరగతిలో పక్క బెంచీ’. ‘హాస్టల్లో జ్వరమొస్తే చూసుకున్న పిల్ల’. ‘ఎవరో తెలీదు, అడగాలి’. ఇవన్నీ ఆడిట్‌కి అక్కర్లేదమ్మా అన్నాను. ‘అవి మీకు కాదమ్మా’ అన్నారు. ఆ తర్వాత నేను జమలు, ఖర్చులు ఒక్కోటీ అడుగుతూ పోతే గంటన్నర పట్టింది. విసుక్కుంటారేమో అనుకున్నాను. లేచేటప్పుడు ఆవిడ అన్న మాట ఇప్పటికీ గుర్తుంది: ‘ఏడాది తర్వాత దీని గురించి ఇంత వివరంగా అడిగింది నువ్వొక్కదానివే.’

కాబట్టి అడగండి. అనుమానంతో అడిగినట్టు కాకుండా, ఈ పనిలో పాలుపంచుకునేవాళ్లు అడిగినట్టు అడగండి. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరైన ట్రస్టు డీడ్ నకలు, ట్రస్టు పేరు మీద పాన్, ట్రస్టు పేరు మీదే బ్యాంకు ఖాతా, ఆదాయపు పన్ను శాఖ ఇచ్చిన 12ఏబీ (ట్రస్టు ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతలకి పన్ను మినహాయింపు) ఆర్డర్లు. కొత్త ట్రస్టు కాబట్టి తాత్కాలిక రిజిస్ట్రేషన్ మాత్రమే ఉండచ్చు, అది మూడేళ్లకి ఇస్తారు, అందులో తప్పేమీ లేదు. కానీ పని మొదలైన ఆరు నెలల్లోగా పూర్తి రిజిస్ట్రేషన్‌కి పెట్టుకోవాలి. దుఃఖంలో ఉన్నవాళ్లు ఇలాంటి గడువులు మర్చిపోతారు. మీ 14 మందిలో ఒకరికి ఆఫీసు పని అలవాటుంటే, ఈ గడువులు చూసుకునే బాధ్యత తీసుకోండి. అది లక్ష రూపాయల పెట్టు.

ట్రస్టీలు ఎవరో చూడండి. అమ్మ, నాన్న, బాబాయి మాత్రమే ఉంటే, బయటివాళ్లొకరు ఉంటే బాగుంటుందని మెల్లగా చెప్పండి, మీలో ఒకరు కూర్చోండి. అయినవాళ్లే అందరూ ఉన్నచోట కాదనే మనిషి ఉండడు. పిల్లవాడి పుట్టినరోజుకి ఉన్న డబ్బంతా ఖర్చుపెట్టేద్దాం అని ఆ తండ్రి అంటే, సగం దాచుదాం అన్నా అనే గొంతు ఒకటి కావాలి. డీడ్‌లో ఆశయాల జాబితా కూడా చదవండి. చాలా డీడ్‌లు ఒకరివి చూసి ఒకరు రాయించుకున్నవే, విద్య నుంచి గోసంరక్షణ దాకా ఇరవై ఉంటాయి. అది ఫరవాలేదు. ఈ ఏడాది చేసే ఒక్క పని ఏమిటన్నది మాత్రం తేల్చుకోమనండి.

డబ్బు ఇచ్చే పద్ధతి. ఒకరి ఖాతాలో అందరూ వేసి, ఆయన మొత్తం పంపితే రసీదు ఆయన ఒక్కడి పేరు మీదే వస్తుంది. ఎవరిది వాళ్లు విడిగా పంపండి, పాన్, చిరునామా ఇవ్వండి. రూ.2,000 దాటితే నగదుగా ఇచ్చినదానికి 80జీ మినహాయింపు రాదు, అందుకని చెక్కు గానీ యూపీఐ గానీ వాడండి. యూపీఐ చేసేటప్పుడు తెర మీద ట్రస్టు పేరే కనిపించాలి. బాబాయి గారి సొంత నంబరు పేరు కనిపిస్తే ఆగి, ట్రస్టు క్యూఆర్ అడగండి. మామూలు ట్రస్టులకి ఇచ్చినదాంట్లో సగానికి మినహాయింపు, అదీ మీ సర్దుబాటు చేసిన మొత్తం ఆదాయంలో పది శాతం పరిమితికి లోబడి, అదీ పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే. కొత్త విధానంలో ఉన్నవాళ్లకి ఏమీ రాదు. ట్రస్టు ఇచ్చే మామూలు రసీదు సరిపోదు, ఆర్థిక సంవత్సరం ముగిశాక మే 31లోగా వాళ్లు శాఖకి వివరాలు పంపి మీకు 10బీఈ సర్టిఫికెట్ ఇవ్వాలి. నేను చెప్పిన ఈ నంబర్లు పాత ఆదాయపు పన్ను చట్టానివి, 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టంలో నంబర్లు వేరు కాబట్టి అవి ఆడిటర్‌ని అడిగి చూసుకోండి.

మనలో చాలామందికి గుప్తదానం ఇష్టం. పేరు చెప్పకుండా కవరు పెట్టి వెళ్లిపోతారు. మంచి మనసే. కానీ దాత ఎవరో లెక్కల్లో లేని విరాళాలు ఒక పరిమితి దాటితే ట్రస్టు మీద 30 శాతం పన్ను పడుతుంది. బయట పేరు చెప్పద్దనండి, పుస్తకంలో మాత్రం రాయించండి.

అమెరికాలో ఉన్న ఇద్దరి సంగతి వేర్వేరు. ఒకాయన ఇంకా భారతీయ పాస్‌పోర్టు మీదే ఉన్నాడన్నారు. ఆయన తన సంపాదనలోంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపితే అది విదేశీ విరాళం కాదు, నిక్షేపంగా పంపచ్చు. పాస్‌పోర్టు నకలు ఒకటి ట్రస్టు ఫైల్లో పెట్టమనండి. రెండో ఆయన అమెరికా పౌరుడైపోయాడు, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకి ఇచ్చేది) ఉంది. చట్టం దృష్టిలో ఆయనది విదేశీ విరాళమే, ఇక్కడి ఖాతాలోంచి రూపాయల్లో ఇచ్చినా సరే. అది తీసుకోవాలంటే ట్రస్టుకి ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. మామూలుగా దానికి మూడేళ్ల పని, ఆ మూడేళ్లలో అసలు సేవ మీద రూ.15 లక్షల ఖర్చు చూపించాలి. ఏడాది నిండని ట్రస్టుకి అది కుదరదు. ఆయన మీ ఖాతాలో వేసి మీరు ఇవ్వడం అనే దొడ్డిదారి వద్దు. చేతులు మారినా అది విదేశీ విరాళమే, ఇరుక్కునేది ఆ తల్లిదండ్రులు. ఆయన్ని వేరే పని అడగండి. మేం చదివించిన పిల్లల్లో ఒకమ్మాయికి ఇలాగే అక్కడున్న ఒకతను ఆదివారాలు వీడియో కాల్‌లో ఇంటర్వ్యూలకి తర్ఫీదిచ్చాడు. ఆ అమ్మాయికి మేం కట్టిన ఫీజు కంటే అదే ఎక్కువ పనికొచ్చింది. మీ మొత్తం ఆయన వాటా మేరకు తగ్గుతుంది, తగ్గనివ్వండి.

పెద్ద మొత్తం శాశ్వత నిధిగా వేసి, వడ్డీతో పిల్లల్ని చదివించాలని కొందరు అంటారు. నాకూ ఇష్టమే, కానీ లెక్క వేసుకోమంటాను. రూ.10 లక్షలకి 7 శాతం చొప్పున ఏడాదికి రూ.70,000. ముగ్గురు పిల్లలకి తలా 20 వేలు, మిగతాది ఆడిట్ ఫీజు. అంతే. ఇలా కార్పస్‌గా, అంటే శాశ్వత నిధిగా ఇవ్వాలంటే ఆ మాట దాత రాతపూర్వకంగా ఇవ్వాలి. మీ స్థాయి మొత్తానికి అది అక్కర్లేదు.

ఆ తండ్రి హెల్మెట్లు పంచాలనుకుంటున్నాడని రాశారు. పంచనివ్వండి. ఐఎస్‌ఐ గుర్తు, హెల్మెట్ల ప్రమాణమైన ఐఎస్ 4151 నంబరు ఉన్నవే కొనమనండి. చవకగా వస్తున్నాయని రోడ్డు పక్క టోపీలు కొనకూడదు, ఆ కుర్రవాడి పేరు మీద అస్సలు కొనకూడదు. ఇంకో సంగతి కూడా ఆయన చెవిన వేయండి. ఢిల్లీలో పీయూష్ తివారీ అనే ఆయన, 2007లో రోడ్డు ప్రమాదంలో సాయం అందక చనిపోయిన తన కజిన్ కోసం మరుసటి ఏడాది సేవ్‌లైఫ్ ఫౌండేషన్ పెట్టాడు. రోడ్డు మీద పడినవాణ్ణి ఆసుపత్రికి చేర్చిన మనిషిని పోలీసులు, కోర్టులు తిప్పకూడదని వాళ్లు సుప్రీంకోర్టుకి వెళ్లారు. 2016లో కోర్టు అలాంటి రక్షణ ఇచ్చే మార్గదర్శకాలకి చట్టబద్ధత ఇచ్చింది. 2019లో ఆ రక్షణ మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్‌గా చేరింది. సాయం చేసినవాడు పేరు కూడా చెప్పనక్కర్లేదు. 2025 మేలో కేంద్రం తెచ్చిన పథకంలో ప్రమాద బాధితుడికి ఏడు రోజులదాకా, రూ.1.5 లక్షల వరకు నగదు కట్టకుండా చికిత్స దొరుకుతుంది. ఇవి మన ఆటోస్టాండ్లలో, టీ కొట్ల దగ్గర ఎంతమందికి తెలుసు? ఒక్కో హెల్మెట్‌తో పాటు తెలుగులో, ఉర్దూలో అచ్చేసిన చిన్న కాగితం ఇవ్వచ్చు. 112కి ఫోన్ చేయండి, చేసినందుకు మిమ్మల్ని ఎవరూ తిప్పరు అని. కాగితం ఖర్చు ఎంతని.

మన ఊరికి ఈ సంప్రదాయం కొత్త కాదు. బడి ఫ్యాను రెక్కల మీద, గుడి బెంచీల మీద కీర్తిశేషుల పేర్లు చూస్తూ పెరిగాం మనం. మసీదు పక్కన నీళ్ల కుళాయి మీద కూడా ఎవరో ఒకరి పేరుంటుంది. రెడ్‌హిల్స్‌లోని నిలోఫర్ ఆసుపత్రి సంగతే చూడండి. నిజాం రెండో కోడలు నిలోఫర్ యువరాణి పరిచారిక రఫత్ 1949లో కాన్పులో చనిపోయింది. ఆ కలతే 1953లో ఆసుపత్రి అయింది. ఇవాళ ఎక్కడెక్కడి జిల్లాల నుంచో తల్లులు పసివాళ్లని భుజాన వేసుకుని అక్కడికే వస్తారు. ఆసుపత్రికి ఉన్నది రఫత్ పేరు కాదు. బంజారాహిల్స్‌లో ఎన్.టి. రామారావు గారు భార్య బసవతారకం పేరు మీద తలపెట్టిన క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఆమె 1985లో పోయారు, ఆసుపత్రి తెరిచింది 2000లో. ముఖ్యమంత్రిగా చేసిన మనిషి తలపెట్టిన పనికే పదిహేనేళ్లు పట్టింది. మొదటి ఏడాదిలోనే ఏదో పెద్దది చేసి చూపించాలని ఆ తండ్రి ఆరాటపడుతుంటే ఈ ఏళ్ల లెక్క ఆయనకి చెప్పండి.

ఎప్పుడు ఇవ్వకూడదో కూడా చెప్పాలి. ఖాతా వ్యక్తి పేరు మీద ఉంటే, రెండేళ్లయినా ఆడిట్ జరగకపోతే, అడిగితే రేపు మాపు అంటుంటే డబ్బు ఆపండి. స్నేహం ఆపకండి. చాలాసార్లు అక్కడ మోసం ఉండదు, బీరువా తెరిచి ఆ కాగితాలు ముట్టుకోవడానికి చేతులు రాక ఆగిపోయి ఉంటారు. ఒక శనివారం వెళ్లి పక్కన కూర్చుంటే ఫైలు అయిపోతుంది. నేను అలా నాలుగిళ్లలో కూర్చున్నాను.

సంవత్సరీకం రోజు మాత్రం కాగితాల మాట ఎత్తకండి. ఆ రోజు బ్రాహ్మలు, భోజనాలు, వచ్చేపోయేవాళ్లు ఉంటారు. వారం ముందే ఇద్దరు వెళ్లండి, ఎక్కువమంది వద్దు. ఆ పిల్లవాణ్ణి పేరుపెట్టి తలుచుకోండి, ‘మీ అబ్బాయి’ అనకండి. ఏడాదిగా ఆ ఇంట్లో అందరూ జాగ్రత్తపడి ఆ పేరు పలకడం మానేసి ఉంటారు.

మీ ఫోన్లలో వాడి ఫొటోలు ఏమైనా ఉంటే వెతకండి. మీ పిల్లలతో దిగినవి, ఏదో పెళ్లిలో వెనక వరసలో నిలబడ్డవి, వాళ్ల దగ్గర లేనివి. ప్రింట్ తీయించి పట్టుకెళ్లండి. తమ్ముడు పోయిన ఏడో ఏట వాడి క్లాస్‌మేట్ ఒకతను విరాళంతో పాటు ఒక ఫొటో ఇచ్చాడు. నాగార్జునసాగర్ టూర్, బస్సులో కిటికీకి తల ఆనించి నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు మావాడు. అమ్మ దాన్ని ఫ్రేమ్ కట్టించలేదు. ట్రస్టు క్యాష్‌బుక్‌లో, ఆ ఏటి పేజీల మధ్య పెట్టుకుంది. ఆడిట్‌కి పుస్తకం ఇచ్చేటప్పుడు తీసి దాచుకుంటుంది, తిరిగొచ్చాక మళ్లీ అక్కడే పెడుతుంది.